ముగ్గురి బరువు

ఆ ఆదివారం పొద్దున వాళ్ళు వేసుకున్న ఏర్పాటులో పోయినవాళ్ళ ప్రసక్తే లేదు. కాఫీ తాగాలి, బండి తుడవాలి, ఊరి చివర వంతెన దాకా వెళ్ళి రావాలి. అంతే. వంతెన దాకా సుఖంగా కూర్చోగలిగితే, వచ్చే ఆదివారం కొండదారి పట్టుకుని అవతలి ఊళ్ళో ఉన్న అక్కగారింటికి వెళ్ళాలి. అనుకున్నవన్నీ అనుకున్నట్టే అయిపోతే ఇక కథలు దేనికి చెప్పుకుంటాం?

బండి కళ్ళజోళ్ళాయనది. బజారు మలుపులో కళ్ళద్దాల దుకాణం ఆయనదే. ఊళ్ళో సగం ముక్కుల మీద కూర్చున్నవి ఆయన బిగించిన అద్దాలే. ఇక బండంటారా, అది అలాంటిలాంటి బండి కాదు. దూరప్రయాణాలకని చేసిన పెద్ద మోటారుసైకిలు. ముందు గాలి కాచే అద్దం, వెనక రెండు పక్కలా పెట్టెలు, మధ్యలో సోఫా లాంటి సీటు. వీధిలో అందరూ దాన్ని ఏనుగు అనేవారు. ఆ ఏనుగు మీద ఆయన మొదటి భార్యతో కలిసి ఎక్కని కొండ లేదు, చూడని సముద్రం లేదు. ఆవిడ ఓ వానాకాలం జ్వరమని పడుకుని మళ్ళీ లేవలేదు. అప్పటినుంచీ ఏనుగు వసారాలో దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది. దాని వెనక చక్రం పక్కనే ఆయన తల్లిది, అంటే ఆ ఇంటి అత్తగారిది, పేము కుర్చీ. చూపు మందగించిన ఆ పెద్దావిడ పొద్దున కూర్చుంటే సాయంత్రం ఎవరైనా చెయ్యందించేదాకా అక్కడే. నిద్రపోతోందో మెలకువగా ఉందో కనుక్కోవడం ఎవరి తరమూ కాదు.

కొత్త కోడలు ఆ ఇంటికి వచ్చి మూడు నెలలు. కొత్త కోడలంటే చిన్నపిల్ల అనుకునేరు, నలభై దాటిన మనిషి. ఆస్పత్రిలో రక్తం తీయడం ఆవిడ ఉద్యోగం. కంటికి కనబడని నరాన్ని కూడా వేలికొసతో వెతికి పట్టుకునే ఓర్పు ఉంది. దేనికీ భయపడదని పేరు. భయపడేది లోకంలో ఒక్క మనిషికి, తల్లి పోతే తల్లయి పెంచిన అక్కకి. ఈ పెళ్ళి ఆ అక్కకి ఇష్టం లేదు. ఫోన్లో ఒకే మాట చెప్పింది.

"ఒకరు కూర్చుని లేచిన సీటే అది. నిన్ను నిలవనిస్తుందో లేదో చూద్దాం. ఆయన వెనకాల కూర్చుని వచ్చి నా గుమ్మం ముందు దిగు, అప్పుడు ఒప్పుకుంటా అది నీ కాపురమేనని. బస్సులో వచ్చావో, దిగిన బస్సే మళ్ళీ ఎక్కిస్తా!"

అదీ సంగతి. అందుకే ఆ పొద్దున కొత్త కోడలు హెల్మెట్ పెట్టుకుని, దేవుడి గదిలోకి వెళ్ళినంత నెమ్మదిగా ఆ సీటెక్కింది. ఏనుగు గుర్రుమంది. వీధి దాటింది. బడి ముందు స్పీడ్ బ్రేకర్ వచ్చింది.

చక్రం దాని మీదికెక్కి దిగిందో లేదో, సీటు ఆవిణ్ణి విసిరేసింది. మామూలు కుదుపు కాదది. కింద ఎవరో రెండరచేతులూ ఆనించి "ఇక లే" అన్నట్టు తోశారు. ఆవిడ గాల్లోకి లేచి, పక్కపెట్టె మీద వాలి, ఆయన చొక్కా పట్టుకుని వేలాడింది.

"ఏవండీ! ఆపండి!"

"ఏమైందోయ్?"

"నన్నెవరో తోశారు."

"వెనకాల ఉన్నది నువ్వొక్కదానివేగా?"

"అదే నేనూ అంటున్నాను."

వంతెన చేరేలోపు మరో రెండుసార్లు తోశారు. మూడోసారి ఆవిడ దిగి, హెల్మెట్ చంకన పెట్టుకుని, ఇంటికి నడిచి వచ్చేసింది.

ఇంట్లో అప్పటికే ఆడపడుచు వచ్చి కూర్చుని ఉంది. కళ్ళజోళ్ళాయనకి అక్క. రెండు వీధుల అవతల ఇల్లు. తాటాకులా తేలిగ్గా ఉండే మనిషి, మాట మాత్రం తాటిపండంత బరువు. జరిగింది విని ఆవిడ ఆశ్చర్యపోలేదు. కొత్త కోడల్ని వంటగదిలోకి లాక్కెళ్ళి గొంతు తగ్గించింది.

"అమ్మ చెవిన పడనీకు, బెదిరిపోతుంది. ఆ సీటు మా పాత మరదలిదే. అది బతికుండగానే నన్ను ఒక్కనాడు సరిగ్గా కూర్చోనివ్వలేదా బండి. ఎక్కినప్పుడల్లా ఎత్తి కుదేసేది. అదెక్కితే మాత్రం పట్టుపరుపే. సొంత ఆడపడుచునే మోయలేదు, సవతిని మోస్తుందా? నీ పిచ్చి గానీ!"

"యంత్రానికి ఆడపడుచులూ సవతులూ ఏం తెలుస్తారండీ వదినగారూ?"

"యంత్రానికి తెలియదు. దాని మీదున్నదానికి తెలుసు."

వసారాలో పేము కుర్చీ కిర్రుమంది. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు.

మర్నాడు అత్తగారు వసారాలోకి రాకముందే కొత్త కోడలు మెకానిక్‌ని పిలిపించింది. అతను దుప్పటి తీసి, డబుల్ స్టాండ్ మీదున్న ఏనుగు చుట్టూ తిరిగి, సీటు అంచు కింద ఎడం పక్కన గుప్పెడంత ఉన్న గుండ్రటి నల్ల నాబ్ పట్టుకుని చూశాడు. చూసి, వెనక్కి తిరిగి ఇంట్లోవాళ్ళని లెక్కపెట్టాడు.

"దీన్ని ప్రీలోడ్ అంటారండీ. మనుషులు ఎక్కకముందే వెనక స్ప్రింగుని ఎంత అదిమి ఉంచాలో ఈ నాబ్ చెబుతుంది. బరువెక్కువైతే కుడికి తిప్పి బిగిస్తాం. తక్కువైతే వదులు చేస్తాం. తక్కువ బరువుకి ఎక్కువ బిగించారనుకోండి, గొయ్యి వచ్చినప్పుడల్లా స్ప్రింగు వెనకాల మనిషిని పైకి తంతుంది."

"అయితే ఇది ఎంతకి బిగించి ఉంది?" అంది కొత్త కోడలు.

అతను నాబ్ మీంచి చెయ్యి తీసేశాడు. "అదేనండీ అర్థం కావట్లేదు. మీ ఇద్దరి బరువుకి కాదు. ఇది ముగ్గురు కూర్చునేవాళ్ళకి బిగించినట్టుంది."

కళ్ళజోళ్ళాయన తన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మచ్చేమీ లేకపోయినా మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఇదివరకు ఎవరు తిప్పేవారండీ?"

"వెనక సీటు సంగతులన్నీ ఆవిడే చూసుకునేది," అన్నాడాయన. "నేనెప్పుడూ దాన్ని ముట్టుకోలేదు."

నాబ్ చుట్టూ ఉన్న దుమ్ము తుడిస్తే రెండు చుక్కలు బయటపడ్డాయి. గోళ్ళరంగుతో పెట్టినవి, ఆరి బొడిపెల్లా గట్టిపడ్డవి. బిగించిన చోట ఎర్ర చుక్క, వదులయ్యే చోట గులాబీ చుక్క. ఆ రెండు రంగులూ ఎవరి గోళ్ళవో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"తిప్పడం కష్టమా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"స్టాండ్ మీద బరువు లేకుండా ఉన్నప్పుడు చంటిపిల్లయినా తిప్పగలదండీ."

కళ్ళజోళ్ళాయన కొత్త కోడల్ని సీటు మీద కూర్చోబెట్టి బండిని కిందికి దింపించాడు. ఎరిగిన పని ఎలా చేస్తాడో ఎరగని పనీ అలాగే చేశాడు. నాబ్ ఒక్క టిక్కు తిప్పి, తల పక్కకి వాల్చి అడిగాడు.

"ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?"

"ఇప్పుడే."

టిక్. "ఇదా, ముందుదా?"

"రెండూ ఒకలాగే ఉన్నాయండీ."

"తొందరపడకు. ఊపి చూడు. అంచులు స్పష్టంగా తెలుస్తున్నాయా?"

"నేను కూర్చున్నది సీటు మీదండీ, మీ దుకాణంలో కాదు!"

మెకానిక్ అటు తిరిగి నవ్వుకున్నాడు. నాబ్ గులాబీ చుక్క దగ్గరికి వచ్చేసరికి సీటు కొత్త కోడలి కింద మెత్తగా ఒదిగింది. ఇద్దరూ వీధి చుట్టూ తిరిగొచ్చారు. బడి ముందు స్పీడ్ బ్రేకర్ మీద ఏనుగు ఓసారి ఊపిరి తీసి వదిలినట్టు ఊగి ఊరుకుంది. ఆవిడ చాలా రోజుల తరవాత నవ్వింది. ఇంకేం, అంతా సర్దుకుందనుకున్నారు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా మాగన్నుగా పడుకుంది. మబ్బు పట్టి, వెలుతురు బూడిద రంగుకి తిరిగింది. ఆకు కదలని ఆ నిశ్శబ్దంలో వసారాలోంచి చప్పుడు వినిపించింది.

టిక్.

కొత్త కోడలు కళ్ళు తెరిచింది.

టిక్... టిక్... టిక్.

పక్కన ఆయన అప్పటికే లేచి కూర్చున్నాడు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"మెటికలు," అన్నాడాయన. "మధ్యాహ్నం పూట వసారాలోకి వెళ్ళి మెటికలు విరుచుకునేది. ఒక్కొక్క వేలూ, తీరిగ్గా. ఆ చప్పుడేంటని అడిగితే 'మెటికలండీ' అనేది. అది పోయాక మళ్ళీ ఇవాళే వింటున్నాను."

చప్పుడు ఆగింది. ఆగిన మరుక్షణం గేటు కీచుమంది. ఆడపడుచు "తమ్ముడూ, ఉన్నావా?" అంటూ చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చింది. వసారాలో బండీ, పేము కుర్చీలో గడ్డం గుండెకానించి నిద్రపోతున్న అత్తగారూ తప్ప పురుగు లేదు.

మర్నాడు పొద్దున వంతెనకి బయలుదేరారు. బడి దగ్గర సీటు కొత్త కోడల్ని మళ్ళీ గాల్లోకి లేపింది. దిగి చూస్తే నాబ్ ఎర్ర చుక్క దగ్గరుంది. ఆయన వదులు చేశాడు. మధ్యాహ్నం మెటికలు విరిగాయి. మూడోనాడూ ఇదే తంతు. మెటికలు ఆగడం, గేటు కీచుమనడం, ఆడపడుచు రావడం. తను వచ్చేముందు పోయిన మనిషి కబురు చెబుతోందని తెలిసి ఆడపడుచు వణికింది. వణుకుతూనే కాస్త గర్వపడింది కూడా.

"చూశావా, నేనొస్తున్నానని దానికి ముందే తెలిసిపోతోంది!"

మెకానిక్‌కి మళ్ళీ కబురెళ్ళింది. అతను గేటు లోపలికి రాకుండానే విన్నాడు.

"నాబ్ అరిగితే వదులవుతుందండీ. దానంతటది బిగుసుకోవడం నేనెక్కడా చూళ్ళేదు. నీళ్ళు పల్లానికి జారతాయి గానీ మెట్లెక్కవు కదా! ఇది స్పానర్లతో అయ్యే పని కాదు." సైకిలెక్కి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

స్పానర్లతో కానిది ఆడపడుచు చేతిలోకి వచ్చింది.

"దానికి బండి మీద మమకారం చావలేదు. ఒక్కసారి, దాన్నొక్కదాన్నే, ఊరంతా తిప్పి తీసుకురా. తృప్తిపడి దిగిపోతుంది."

"లేని మనిషిని ఎలా తిప్పనక్కా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

ఆడపడుచు బీరువాలోంచి పాత మరదలి వానకోటు తీసింది. లోపల రెండు దిళ్ళు కుక్కింది. వెనక సీటు మీద నిలబెట్టి తాళ్ళతో బిగించి, పైన ఆవిడ నీలం హెల్మెట్ కట్టింది. కొత్త కోడలు గుమ్మంలో నిలబడి చూసింది. తను నిలవలేని చోట రెండు దిళ్ళు దర్జాగా కూర్చున్నాయి. ఏమన్నా అంటే సవతి పోరు అంటారు. ఊరుకుంటే ఊరుకున్నందుకు అంటారు. ఆవిడ ఊరుకుంది.

సన్నటి తుంపరలో ఏనుగు బజారు మీదుగా వెళ్ళింది. స్ప్రింగు ముగ్గురికి బిగించి ఉందాయె, వెనకాల ఉన్నవి రెండు దిళ్ళాయె. గొయ్యి వచ్చినప్పుడల్లా వానకోటు లేచి కూర్చుంది. పోస్టాఫీసు దగ్గర ముందుకి వంగి ఆయన చెవిలో ఏదో చెప్పింది. బడి ముందు స్పీడ్ బ్రేకర్ మీద నీలం హెల్మెట్ గిర్రున వెనక్కి తిరిగి, గొడుగుల కింద నిలబడ్డవాళ్ళని ఒక్కొక్కరినీ చూసుకుంటూ వెళ్ళింది. కళ్ళజోళ్ళాయన ఇవేవీ ఎరగడు. ఆయన చూపు ఎప్పుడూ దూరం మీదే.

మర్నాడు దుకాణం తెరవగానే రిటైరైన హెడ్మాస్టారు వచ్చి, కొత్తగా చేయించుకున్న కళ్ళజోడు బల్ల మీద పెట్టాడు.

"ఇది నాకొద్దు నాయనా. నిన్న ఇది పెట్టుకుని చూస్తే నీ వెనకాల మీ ఆవిడ కనిపించింది."

"అందులో తప్పేముంది మాస్టారూ?"

"ఏ ఆవిడో అడుగు."

కళ్ళజోళ్ళాయన అడగలేదు.

"భయమేసి పాత జోడు పెట్టుకున్నా. దాంట్లో అయితే నువ్వూ లేవు, బండీ లేదు, అంతా మంచు. ఆ మంచే సుఖం. ఈ వయసులో ఇంత స్పష్టత నేను తట్టుకోలేను."

సాయంత్రానికి మరో నలుగురు తెచ్చిచ్చారు. ఆ మరుసటి రోజు కొత్తగా కొందరు వచ్చారు, వాళ్ళది ఇంకో బాధ. ఒక ముసలావిడ బల్ల మీదికి వంగి గుసగుసగా, "మా ఆయన పోయి చాలా కాలమైంది. హెడ్మాస్టారికి వేసిన అద్దాలే నాకూ వెయ్యి. దూరం నుంచి కనబడినా చాలు," అంది. కళ్ళజోళ్ళాయన ఆవిణ్ణి అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టి, అలవాటు కొద్దీ, "ఇప్పుడు కనబడుతున్నారా, ఇందాకా?" అని అడిగాడట. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకున్నాడు.

శనివారం అక్క ఫోను చేసింది. "రేపేనా రాక? దేని మీద?"

కొత్త కోడలు వసారా వైపు చూసింది. నీలం హెల్మెట్ ఇంకా సీటు మీదే ఉంది. విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు. "రేపు చెబుతానక్కా," అంది. ఫోను పెట్టేసి, సూట్‌కేసు మంచం మీద పెట్టి బట్టలు సర్దుకుంది. పొద్దున బస్సుకే వెళ్ళాలి. అక్క గుమ్మం ఎక్కనివ్వకపోతే ఆ గుమ్మం ముందే కూర్చోవాలి. ఏమైనా సరే, ఒకే సీటు మీద ముగ్గురు కూర్చునే ఇంటికి మాత్రం తిరిగి రాకూడదనుకుంది.

పెట్టె మూసింది గానీ తాళం పడలేదు. లోపలికి ముడుచుకుపోయిన నరం కోసం వెతికేటప్పుడు కూడా ఆవిడ అంత తేలిగ్గా సూది కింద పెట్టే మనిషి కాదు. ఆయన గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడ వసారా తలుపు సందున, కర్టెను వెనకాల పీట వేసుకుని కూర్చుంది.

మధ్యాహ్నం మసకబారింది. ఎక్కడో కొళాయి చుక్క చుక్కగా కారుతోంది. వసారాలో నీలం హెల్మెట్ అద్దంలో గేటు నీడ చిన్నగా, వంకరగా పడింది. అత్తగారి తల మెల్లగా పైకి లేచింది, ఎవరో పిలిచినట్టు. మూసిన కళ్ళు మూసినట్టే ఉన్నాయి. ముడతలుపడ్డ చెయ్యి కుర్చీ పక్కనుంచి, నీళ్ళలోకి దిగినంత నెమ్మదిగా, సీటు అంచు కిందికి దిగింది. వేలు చుక్కని తడిమింది.

టిక్.

"బిగిస్తున్నాలేవే అమ్మాయ్," అంది అత్తగారు సీటు మీది వానకోటుతో. "బిగిస్తున్నా. నీ వంతు నువ్వు మరిచిపోకు."

టిక్... టిక్.

కొత్త కోడలు లేచి కర్టెను తొలగించింది. "అత్తయ్యగారూ!"

చెయ్యి ఆగలేదు. "అరవకు. అది వీధి మలుపు తిరిగింది. చెప్పుల చప్పుడు వినబడట్లా?"

"ఎవరు?"

"ఇంకెవరే, నా కూతురు." టిక్ మని చివరి చుట్టు పూర్తయింది. వేలు ఎర్ర చుక్క మీద నిలిచింది. "చూపు తగ్గినవాళ్ళకి చెవులు వీధి చివరిదాకా సాగుతాయి. కూర్చో, అది రావడానికి ఇంకా వ్యవధి ఉంది. పాలబూతు దగ్గర ఆగి ఎవరినో ఆడిపోసుకుంటుంది."

కొత్త కోడలు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది.

"రోజూ వచ్చేది. 'తమ్ముడూ, అలా బజారు దాకా' అనేది. బజారంటే బజారా? చుట్టాలిళ్ళన్నీ తిరిగి పొద్దుగూకితే గానీ వదిలేది కాదు. నీ ముందుదేమో ముస్తాబై గుమ్మంలో నిలబడి నిలబడి బట్టలు మార్చేసుకునేది. నాకేమో కంట్లో మందు చుక్కలు వేసే దిక్కు లేదు. కన్నకూతుర్ని ఎక్కొద్దని నేనంటానా? ఆడపడుచుని దిగమని అదంటుందా? ఇద్దరం నోరు లేనివాళ్ళం. అదే కనిపెట్టింది ఈ ఉపాయం. చుక్కలు పెట్టి నా వేలికి అలవాటు చేసింది. మా అమ్మాయి చెప్పులు వినబడగానే బిగించడం నా పని. ఎక్కిన మనిషి బడి దాకా వెళ్ళి నడుం పట్టుకుని తిరిగొచ్చేది."

"మరి మెటికలు విరుచుకునేవారట కదా?"

"మెటికలా!" బోసినోరు తెరుచుకుంది. "దాని వేళ్ళు ఏనాడన్నా విరిగితేగా! మావాడు చప్పుడేంటన్నాడు, అది మెటికలంది, వాడు నమ్మాడు. ఊరందరికీ అద్దాలు పెడతాడు వెధవ."

"అత్తయ్యగారూ, ఈ వారమంతా ఆ సీటు మీంచి పడుతున్నది నేనండీ!"

అత్తగారి నవ్వు ఆగిపోయింది. "నువ్వా? నాకెవరు చెప్పారు? వారం రోజులుగా అందరూ నేను కనబడితే చాలు గుసగుసలు. పోతానేమో, చావు ఏర్పాట్లు మాట్లాడుకుంటున్నారనుకున్నా." గాల్లో తడిమి కోడలి తల దొరకబుచ్చుకుంది. "బిగించడం నా పని. మా అమ్మాయి వెళ్ళాక వదులు చేయడం దాని పని. అది పోయింది. నా వంతు నేను చేసుకుపోతున్నా. రోజూ చెబుతూనే ఉన్నా, ఇక నీ వంతేనే అని. అది పలకదు."

ఆవిడ కళ్ళ కింద తడి ఉంది. కంటి మందని అనుకోవడానికి ఆ రోజు ఇంకా ఎవరూ వెయ్యలేదు. కొత్త కోడలు లేచి, సీసా తెచ్చి, ఆవిడ గడ్డం ఎత్తి చెరో కంట్లో చుక్క వేసింది. తరవాత వానకోటు తాళ్ళు విప్పి, దిళ్ళు లోపల పెట్టి, నీలం హెల్మెట్ తుడిచి, తన హెల్మెట్ పక్కనే అరలో పెట్టింది. గేటు కీచుమంది.

ఆదివారం పొద్దున ఆడపడుచు చేతిసంచీతో సహా దిగింది.

"నీకు భయమైతే ఆగిపో అమ్మాయ్. తమ్ముడితో నేను వెళ్ళి, మీ అక్కకి నచ్చజెప్పి వస్తా. ఆ నీలం హెల్మెట్ చూస్తుంటే నాకూ గుండె దడగానే ఉందనుకో. ఏం చేస్తాం, ఇంటి పరువు!"

"అంతకంటేనా వదినగారూ," అంది కొత్త కోడలు. "ముందు బడి దాకా ఓ చుట్టు తిరిగి చూసి రండి."

పేము కుర్చీలో చెయ్యి పక్కకి జారింది. సరిగ్గా అప్పుడే కొత్త కోడలు రెండు చేతుల వేళ్ళూ పెనవేసి ముందుకి చాచింది. టిక్, టిక్, టిక్, టిక్.

హెల్మెట్ పెట్టుకుంటున్న కళ్ళజోళ్ళాయన కొయ్యబారిపోయాడు. "ఏంటా చప్పుడు?"

"మెటికలండీ," అంది ఆవిడ.

అదే వసారా, అదే మాట, ఆఖరికి గొంతు కూడా అదేననిపించింది ఆయనకి. హెల్మెట్ బిగించుకుని బండి ఎక్కాడు. బడి దాకా వెళ్ళిన ఆడపడుచు కాసేపటికి ఓ చెప్పు చేత్తో పట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని నడిచి వచ్చింది.

"అది నన్నింకా మరిచిపోలేదే తల్లీ!" అని గేటు దగ్గర్నుంచే అరిచి, అట్నుంచటే ఇంటికి వెళ్ళిపోయింది.

కొత్త కోడలు బూటు తాడు కట్టుకునే మిషతో బండి పక్కన వంగింది. గులాబీ చుక్క వేలికొసకి తగిలింది. సీటెక్కి కూర్చుంటే అరచేతిలో పెట్టుకున్నట్టు మోసింది. కొండదారిలో, మంచు దిగిన ఓ మలుపు దగ్గర మాత్రం, తన వెనకాల ఎవరో కాస్త జరిగి చోటిచ్చినట్టు అనిపించింది. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. "థాంక్సండీ," అంది నెమ్మదిగా. ఆయన తనకే అనుకుని తలూపాడు.

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. చెల్లెలు ఏనుగు మీంచి దిగడం కళ్ళారా చూసింది. కళ్ళు తుడుచుకుంది, చెల్లెల్ని కౌగిలించుకుంది. "ఒప్పుకున్నానే. నీ సీటే, నీ కాపురమే," అంది. అన్నాక బండి చుట్టూ ఒకసారి తిరిగింది. సీటు నొక్కి చూసింది.

"మరిదిగారూ, నన్ను కూడా అలా చెరువు దాకా తిప్పుకొస్తారూ?"

చెరువంటే చెరువు కాదు. చెల్లెలు గుమ్మంలో నిలబడి నిలబడి, పొద్దుగూకాక బట్టలు మార్చుకుంది. దిగుతూ అక్క వచ్చే నెల పది రోజులు ఉండేలా వస్తానని, ఊరంతా ఆ బండి మీదే చూస్తానని మరిదిగారితో ఖాయం చేసేసుకుంది.

తిరుగు ప్రయాణంలో కొండ దిగాక, ఓ కొట్టు ముందు బండి ఆపమంది కొత్త కోడలు. ఊదారంగు గోళ్ళరంగు సీసా కొనుక్కుని వచ్చింది.

"నువ్వు గోళ్ళకి రంగు వేసుకోవుగా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"గోళ్ళకి కాదండీ."

ఆయన మరేమీ అడగలేదు. ఆయనకి దగ్గర చూపు మొదట్నుంచీ తక్కువే.